అది కొండజ్వరం కాదు

మా నాన్నకు నేనంటే ఎంత ప్రేమో చెప్పాలంటే, ఆయన మూడు నెలలపాటు రోజుకు రెండుసార్లు తన చేత్తో నాకు మలేరియా మందు కొయినా పట్టించాడని చెబితే చాలు. నాకు జ్వరం లేదు. ఒక్కనాడూ ఒళ్లు కాలలేదు. అయినా ఆయన పట్టించాడు, నేను మింగాను. ఆ సంగతి తలుచుకుని ఇప్పుడు మా ఇంట్లో అందరం నవ్వుతాం, నాన్న తప్ప.

నేనిప్పుడు విశాఖపట్నంలో డాక్టరు చదువు మూడో ఏడు చదువుతున్నాను. మా హాస్టల్లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న నా గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "అక్కా, మీకు ఒకప్పుడు మనసు బాగుండలేదటగా. మళ్లీ చదువులోకి ఎలా వచ్చారు?" అని అడిగింది. అడుగుతుండగానే ఏడ్చేసింది. నోటితో చెబుదామంటే మొదలు ఎక్కడో నాకు దొరకలేదు. రాసిస్తానన్నాను. ఆమెకోసం మొదలుపెట్టినా, రాస్తుంటే నాకూ కొంత ధైర్యంగా ఉంది. ఒకటి ముందే చెబుతున్నాను. ఈ జబ్బు నాకు పూర్తిగా పోలేదు. పోయిన వాళ్ల కథ కావాలంటే ఇంకెవరినైనా అడగాలి.

*1926, జూలై నుంచి నవంబరు*

మాది అనంతగిరికి రెండు మైళ్ల ఇవతల, కాఫీ తోటల కిందున్న ఊరు. నాన్న అక్కడ మిషను బడి మాస్టారు. అమ్మ భీమునిపట్నం మనిషి. పెళ్లయి కొండెక్కి పాతికేళ్లయినా ఇంకా "మీ కొండలు" అనే అంటుంది. నేను వాళ్లకు ఒక్కతే కూతుర్ని, పేరు ఎస్తేరు.

నేను బి.ఏ. అయ్యాక శృంగవరపుకోటలో ఆడపిల్లల బడికి పంతులమ్మగా రమ్మన్నారు. జీతం, ఇల్లు, ఆదివారం గుడికి నాలుగడుగులు. అమ్మ అప్పుడే ఆ ఇంటికి గుమ్మం తెరలు కుట్టడం మొదలుపెట్టింది. నేను డాక్టరు చదువుతానన్నాను. మా ఊళ్లో పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను డోలీలో కట్టుకుని ఘాటీ కొండదారి దిగడం చిన్నప్పటి నుంచి చూశాను. కొందరు బిడ్డతో తిరిగి వచ్చేవాళ్లు. కొందరిని దారిలోనే దించేసేవాళ్లు. అదొక్కటే నా కారణం, ఇంకే పెద్ద ఆశయమూ లేదు.

జూలైలో కాలేజీలో చేరాను. మొదటి మూడు నెలలు నా అంత సంతోషంగా ఉన్న మనిషి విశాఖపట్నంలో ఇంకొకరు లేరు. ఎముకల పేర్లు పాటల్లా నోటికి వచ్చేవి. నిద్ర అక్కర్లేదనిపించేది, తిండి జ్ఞాపకముండేది కాదు. ఇదంతా చదువు మీద ప్రేమే అనుకున్నాను. అది జబ్బుకు ముందుమాట అని అప్పుడు తెలియదు.

అక్టోబరు చివర ఒక ఉదయం పుస్తకం తెరిస్తే అక్షరాలున్నాయి, అర్థం లేదు. అదే వాక్యాన్ని పదిసార్లు చదివాను. మర్నాడు అలాగే. తర్వాత లేచి జడ వేసుకోవడం పెద్ద పనైంది. ఆ తర్వాత లేవడమే మానేశాను. బాధ అంటారు గానీ, నాకు బాధ కూడా లేదు. బాధ ఉంటే బాగుండునని అనిపించేది. నేను పనికిరాని దాన్నని, నా కోసం ఖర్చవుతున్న ప్రతి గింజా దండగ అని ఒకే మాట లోపల తిరుగుతూ ఉండేది.

హాస్టలు నుంచి కబురు వెళితే నాన్న వచ్చాడు. నన్ను ఒకసారి చూశాడు, నుదుటి మీద చెయ్యి వేశాడు. కాలేజీకి సెలవుచీటీ రాయడానికి కాగితం అడిగి, అక్కడే బల్ల మీద తన గుండ్రటి అక్షరాలతో 'మలేరియా' అని రాసేశాడు. ఆయన అబద్ధం ఆడలేదు. కొండమీద ఇరవై ఏళ్లుగా జబ్బు అంటే ఆయనకు తెలిసింది ఆ ఒక్కటే. కాలేజీ వాళ్లూ ఇంకొక మాట అడగలేదు. కొండ నుంచి వచ్చిన పిల్ల పడుకుందంటే అది కొండజ్వరం కాక మరేమవుతుంది?

శృంగవరపుకోట దాకా బండి, అక్కడి నుంచి డోలీ. నడవగలిగిన కాళ్లుండి నేను డోలీ ఎక్కాను. మోసేవాళ్లలో ఒకాయన దారిలో ఆగి, నా వైపు చూస్తూ, "మాస్టరు బాబూ, గుంట బరువు నేదు గానీ ఏటీ పలకదేటి? దేవుడి బొమ్మని మోత్తన్నట్టున్నాది" అన్నాడు. నాన్న నవ్వబోయి నవ్వలేకపోయాడు. అది నాకు కనిపించింది.

*డిసెంబరు*

మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. మిషను వాళ్లు కొయినా పొట్లాలు ఆయనకు పంపేవాళ్లు, ఊళ్లో జ్వరం వచ్చిన వాళ్లకు ఇమ్మని. బడి కంటే ఆ పొట్లాల పెట్టె అంటేనే ఆయనకు ఎక్కువ గర్వం. ఎంతమందిని లేపి కూర్చోబెట్టాడో ఊరంతా చెబుతుంది. అలాంటి మనిషి సొంత కూతుర్ని లేపలేకపోతే ఎలా ఉంటుంది? ఒళ్లు కాలకపోతే జ్వరం లోపలికి తిరిగిందన్నాడు. వారం చూసి ఇంకొంచెం పెంచాడు.

కొయినా చేదు సంగతి కొండవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. చేదు పోతుంది, చెవుల్లో మోత పోదు. రెండు చెవుల్లో రెండు జోరీగలు దూరినట్టు పగలంతా ఒకటే రొద. అమ్మ ఏదో అంటుంది, పెదాలు కదులుతాయి, సగం వినపడదు. ఆ మోతలో నా లోపలి మాట ఒక్కటే స్పష్టంగా వినిపించేది. దండగ మనిషివి, దండగ మనిషివి అని.

ఒకరోజు తట్టుకోలేక, "అమ్మా, చెవిలో గంటలు మోగుతున్నాయి" అన్నాను.

అమ్మ చేతిలో చేట కింద పడింది. ఆమెకు అర్థమైంది వేరు. లేని శబ్దాలు వింటున్నానంటే ఇక నన్ను వాల్తేరు పిచ్చాసుపత్రిలో పెట్టాలేమోనని ఆమె భయం. ఆ రోజు నుంచి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేది. భీమునిపట్నం నుంచి ఉత్తరం వస్తే "పిల్లకి జొరం, తగ్గుముఖం" అని నాన్న చేత రాయించేది. ఇద్దరూ నా ముందు పోట్లాడుకునేవాళ్లు కాదు. వంటింట్లో పోట్లాడుకునేవాళ్లు, మా ఇంటి తడిక గోడ వాళ్ల మాట దాచేది కాదు.

"ఆ సదువే సంపింది దాన్ని" అనేది అమ్మ. "పంతులమ్మగా ఎల్లమంటే శవాల్ని కొయ్యడానికి ఎల్లింది. మీరేటి, ఎల్లు తల్లీ అని దీవించి పంపినారు."

నాన్న కాసేపటికి గ్లాసూ చెంచా పట్టుకుని నా దగ్గరకు వచ్చేవాడు.

*1927, జనవరి*

దొయిమతి మా ఇంటికి సామలు, కందులు తెచ్చే కొండ మనిషి. వయసు అరవై ఉంటుందో, డెబ్భై ఉంటుందో ఆమెకే తెలియదు. మూడు మైళ్ల అవతల గూడెం నుంచి నెత్తిన బుట్టతో నడిచి వచ్చేది. ఆ రోజు బుట్ట దించి, నేరుగా లోపలికి వచ్చి నన్ను చూసింది.

"ఏటి మాస్టరు బాబూ, గుంట అలగ గోడకేసి తొంగున్నాది?"

"జ్వరం దొయిమతీ. లోపలి జ్వరం."

"ఏదీ, సూడనీ." చెప్పకుండానే నా మంచం మీద కూర్చుంది. నుదురు, మెడ, అరికాళ్లు తడిమింది. "సల్లగున్నాది. ఇది జొరం కాదు బాబూ. నాకు తెలుసు. నా ఇద్దరు గుంటలు ఒక్క వానాకాలంలోనే పోనారు. అప్పుడు నానూ ఇలగే తొంగున్నాను. కోడి కూసినా, వాన పడినా నాకేటీ పట్టనేదు. నా నేస్తం రోజూ వొచ్చి కూకునేది. దీనికీ నేస్తం కట్టాల."

నేస్తం కట్టడమంటే మా కొండల్లో ఊరికే స్నేహం కాదు. ఇద్దరు మనుషులు నలుగురి ముందు ఒకరికొకరు కట్టుబడడం. కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోకూడదు, "నేస్తం" అనే అనాలి. ఒకరింట్లో చావొస్తే రెండోవారు సొంతవాళ్లలా చేయాల్సినవి చేయాలి. ఒకే ఆకులో తినాలి, ఒకరు ముట్టకపోతే రెండోవారు ముట్టకూడదు. 

అమ్మకు ఒళ్లు మండింది. "నీ ఈడేటి, దాని ఈడేటి? నేస్తం కట్టుకోడానికి?"

"ఈడూ జోడూ పెళ్లికి గావాల అమ్మగోరూ, నేస్తానికేటి?"

"మేం ప్రభువుని నమ్ముకున్నోళ్లం. కోళ్లు కొయ్యడాలూ కల్లు పొయ్యడాలూ మాకు కుదరవు."

"కోడొద్దు, కల్లొద్దు. బువ్వ సాలు."

నాన్న మధ్యేమార్గం కనిపెట్టాడు. తాను ప్రార్థన చేస్తానన్నాడు. చేశాడు కూడా, ఆదాము దగ్గర నుంచి. దొయిమతి చేతులు కట్టుకుని ఎంతో ఓపిగ్గా నిలబడి, ఆమెన్ అయ్యాక, "మీ దేముడికి సెవుడేటి బాబూ, అంతసేపు సెప్పినావు?" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. మా ఇంట్లో రెండు నెలల తర్వాత వినిపించిన నవ్వు అది. దొయిమతి తన మెడలోని పూసల దండ తీసి నా మెడలో వేసింది. నా పాత శాలువా ఆమె భుజం మీద వేయించారు. నా చేతులు అమ్మ పట్టుకుని వేయించింది.

అడ్డాకు పరిచి, సామబువ్వ, కందిపప్పు పెట్టారు. నేను ముట్టలేదు. దొయిమతీ ముట్టలేదు. సాయంత్రమయ్యాక లేచి, బుట్ట నెత్తిన పెట్టుకుని, మూడు మైళ్లు పస్తుతో నడిచి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది. మళ్లీ అంతే. అమ్మ విడిగా కంచంలో పెట్టి, "నువ్వైనా తిను, ముసల్దానివి" అంటే, "నేస్తం తిననేదు గదా" అంది, అదేదో నేరం చేయమన్నట్టు.

మూడో రోజు నాకు కోపం వచ్చింది. నెలల తర్వాత నాకు వచ్చిన మొదటి కోపం. ఈ మొండి ముసలిది నా పేరు మీద చచ్చిపోయేలా ఉందని, లేచి కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాను. ప్రేమతో కాదు, ఒళ్లు మండి తిన్నాను. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు తన ముద్ద తను తిని, వేళ్లు నాకి, "పప్పులో ఉప్పు తక్కువ" అంది.

సంత రోజు తప్ప రోజూ వచ్చేది. వచ్చి, తిని, ఏదో ఒకటి చెప్పి పోయేది. కాఫీ తోటలో ఎవరి కోడలు ఎవరితో పోట్లాడింది, ఏ గెడ్డ నీటి ఒడ్డున పులి అడుగులు కనిపించాయి. నేను బదులు చెప్పనక్కర్లేదు. ఆమె నన్ను బాగుచేయడానికి చూడలేదు. తోడు కూర్చుంది, అంతే. ఆ జనవరిలో నాకు జబ్బు తగ్గలేదు. కానీ చచ్చిపోకుండా ఉండడానికి రోజుకొక పని దొరికింది, ముసలిదానికి అన్నం పెట్టాలి.

*ఫిబ్రవరి*

చెవి మోత ఎక్కువైంది. పిచ్చేమో అని అడగడానికి భయపడి, చెవి జబ్బనే పేరు మీద అమ్మ మమ్మల్ని విజయనగరం ఆసుపత్రికి బయల్దేరదీసింది.

ఆ ఆసుపత్రి వరండాలో పొడవాటి బల్ల మీద రెండు రోజులు కూర్చున్నాం. అలాంటి బల్ల మీద కూర్చున్న వాళ్లకు వేరే పనేముంటుంది, ఒకరి జబ్బు ఒకరు అడుగుతారు. ఒకామెకు కడుపులో గడ్డ, ఒకాయనకు కంట్లో పొర. ఎవరేం చెప్పినా పక్కవాళ్లు "అయ్యో" అంటారు, మందు చెబుతారు, అరటిపండు ఇస్తారు. "మీ అమ్మాయికేమిటి?" అంటే నాన్న "మలేరియా" అంటాడు, అదే క్షణంలో అమ్మ "సెవి" అంటుంది. కడుపులో గడ్డ ఉన్నామె మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడక్కుండా అరటిపండు నా చేతిలో పెట్టింది. ఆ పండు నాకిప్పటికీ గుర్తు. నా జబ్బు పేరు తెలియకుండానే ఇచ్చిందామె.

డాక్టరు రత్నమ్మగారు పొట్టిగా, చకచకా నడిచే మనిషి. చెవుల్లో చూశారు. "కొయినా ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు. నాన్న గర్వంగా లెక్క చెప్పాడు. ఆవిడ కలం కింద పెట్టారు. అమ్మానాన్నల్ని బయట కూర్చోమన్నారు.

తలుపు మూశాక కుర్చీ నా దగ్గరకు జరుపుకుని, "జ్వరం సంగతి నాకొద్దమ్మా. బతకాలని ఉందా?" అని అడిగారు.

నాలుగు నెలల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "లేదండి" అన్నాను. ఆ ఒక్క మాట బయటికి వచ్చాక ఏడుపు వచ్చింది. ఆవిడ కంగారుపడలేదు, దేవుడి మాట ఎత్తలేదు, నా వీపు మీద చెయ్యి వేసి ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చారు. తర్వాత అన్నీ అడిగారు. కాలేజీలో చేరిన కొత్తలో ఎలా ఉన్నాను, నిద్ర లేకుండా ఎన్నాళ్లు సంతోషంగా ఉన్నాను. చివరికి చెప్పారు. ఇది మనసుకు వచ్చే జబ్బు. మెలంకోలియా అంటారు. నీ తప్పు కాదు, సోమరితనం కాదు. తగ్గుతుంది. మళ్లీ రావచ్చు కూడా.

"డాక్టరు చదువు చదవగలనా?"

"జబ్బు లేని వాళ్లందరూ చదవగలుగుతున్నారా ఏమిటి?" అన్నారు. "నేను ఊరికే మంచి మాట చెప్పను. ఆ చదువు కష్టం. నీకు ఇంకొంచెం ఎక్కువ కష్టం. నిద్ర పోగొట్టుకుంటే నువ్వు మునుగుతావు. అది కాపాడుకోగలిగితే చదువు."

నిద్రకు మందు రాసిచ్చారు. కొయినా ఆపమన్నారు. ఆ మాట నాన్నకు ఆవిడే చెప్పారు, మెల్లగానే చెప్పారు. నాన్న వినడం అయ్యాక వరండా చివరికి వెళ్లి స్తంభం వైపు తిరిగి నిలబడ్డాడు. నేను వెనకాలే వెళ్లాను. "నా సేత్తో నేనే" అని ఆగిపోయాడు. బడి మాస్టారు కదా, ఎప్పుడూ మాట సరిదిద్దుకుని పలికేవాడు. ఆ రోజు దిద్దుకోలేదు.

"ఊరందరికీ పోసినట్టే నాకూ పోశావు నాన్నా" అన్నాను. "వాళ్లకు తగ్గింది, నాకు తగ్గలేదు. నేనే కొంచెం తేడా మనిషిని." జబ్బు పడ్డాక నేను ఆడిన మొదటి వేళాకోళం అది. ఆయన నవ్వలేదు, నా తల మీద చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.

*మే, జూన్*

చెవుల్లో జోరీగలు వారంలో పోయాయి. మిగతాది మెల్లగా పోయింది. ఒకనాడు చింతపండు పులుపు నాలుకకు తగిలింది. ఇంకొకనాడు నేనే జడ వేసుకున్నాను. మేలో, దొయిమతి ఎవరి మీదో చెప్పిన చాడీకి నేను పకపకా నవ్వితే, అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది, మళ్లీ ఏమైందోనని.

అప్పుడు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. జూలైలో మళ్లీ మొదటి ఏడులో చేరవచ్చు, ఏం జబ్బు చేసిందో డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి అని.

కోటలో పంతులమ్మ పని ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ ఆ తెరలు తీసి ఇస్త్రీ చేసింది. "నీ కాళ్లట్టుకుంటాను ఎస్తేరూ. కోటయితే ఒక్క పూటలో దిగి రాగలను. ఆ సదువులో మల్లీ పడిపోతే ఆళ్లు నిన్ను ఎక్కడికి తోలేస్తారో నాకు తెలీదు."

ఆమె అన్నదానిలో తప్పు లేదు. నేనే రోజుకొక రకంగా ఉన్నాను. ఒక ఉదయం కోట మంచిదనిపించేది, చిన్నపిల్లలు, అక్షరాలు, వేళకు నిద్ర. సాయంత్రానికి డోలీలో పోయిన ఆడవాళ్లు గుర్తొచ్చేవాళ్లు. పంతులమ్మగా నాకు జబ్బు రాదని ఎవరూ మాటివ్వలేదు కదా. ఎక్కడున్నా వచ్చేదే అయితే, నాకు కావలసిన పనిలో ఉండగానే రానీ అనుకున్నాను.

చదువుకే వెళతానని చెప్పాక నాన్న నెమ్మదిగా అన్నాడు. "సర్టిఫికెట్టులో మలేరియా అనే ఉంటే గొడవుండదు తల్లీ. మనసు జబ్బు అంటే సీటు తీసేస్తారేమో. రత్నమ్మగారిని అడిగి చూద్దాం." 

నాకూ అదే తెలివైన పని అనిపించింది. మర్నాడు ఆకు ముందు కూర్చుని దొయిమతికి చెప్పాను. ఆమెకు కాలేజీ అంటే తెలియదు, సర్టిఫికెట్టు అంటే తెలియదు. ముద్ద చేతిలోనే ఉంచుకుని కాసేపు ఆలోచించింది.

"జొరమని సెప్పీసి ఎల్తావు. సరే. అక్కడ మల్లీ తొంగుంటావు. ఆళ్లు ఏటి సేత్తారు? కొయినా పోత్తారు."

నాన్న గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు. ఇక మలేరియా మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

రత్నమ్మగారు ఉన్నది ఉన్నట్టు రాసిచ్చారు. మనోవ్యాధి అని, తగ్గిందని, మళ్లీ రావచ్చని, తన అభిప్రాయంలో ఈమె చదువుకు తగినదని. అమ్మ ఆ కాగితం సంగతి తెలిసి నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు రాగులు విసిరి చోడిపిండి మూట కట్టి, "నానూ వొత్తాను. నువ్వొక్కదానివే ఎల్లక్కర్నేదు" అంది.

*జూలై*

ప్రిన్సిపాలుగారు దొర. మంచి మనిషని గానీ కాదని గానీ ఎవరూ అనేవాళ్లు కాదు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవారు కాదు. కాగితం రెండుసార్లు చదివారు.

"పోయిన ఏడు మలేరియా అన్నారు."

"మా నాన్న అలాగే అనుకున్నారండి. నేనూ కాదనలేదు."

"మళ్లీ వస్తుందా?"

"రావచ్చండి."

"అప్పుడేం చేస్తారు?"

"వచ్చిన రోజే మీకు చెబుతాను. దాచి కూర్చోను."

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. తనకు పాఠం చెప్పడం వచ్చునని, జోస్యం చెప్పడం రాదని అన్నారు. ఈ ఏడు పరీక్ష తప్పితే మాత్రం చదువు ముగిసినట్టేనని, అందులో దయ ఉండదని చెప్పి, కాగితం మీద సంతకం చేశారు.

బయట బల్ల మీద అమ్మ నా ముఖం చూసి లేచింది. "ఏటన్నాడు?"

"రమ్మన్నారు."

"సెప్పీసావా? మొత్తం?"

"మొత్తం."

అమ్మ మూట ఎత్తుకుని నా పక్కనే హాస్టలుకు నడిచింది. హాస్టలు హాల్లో అమ్మాయిలు కాఫీ తాగుతున్నారు. మేట్రనుగారు నా పేరు రాసుకుంటూ, "పోయిన ఏడు జ్వరం వచ్చి వెళ్లావు కదూ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. మా అమ్మ గొంతు కొండ ఈవల మాట్లాడితే ఆవలికి వినపడుతుంది.

"జొరం కాదమ్మా. మా పిల్లకి మనసు జబ్బు. వొత్తాది, పోతాది. తినడం మానేసినా, తొంగోడం మానేసినా నాకు బేగి కబురెట్టండి. సిగ్గుపడి దాయకండి. సిగ్గుపడి నాను దాసినాను, నా పిల్ల మూడు నెల్లు ఇసం తాగినాది."

హాలంతా చప్పుడు ఆగిపోయింది. నేలలోకి కుంగిపోదామనిపించింది నాకు. భీమునిపట్నం చుట్టాలకు కూడా చెప్పుకోలేని మాటను ఆమె ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య అరిచి చెప్పింది. చెప్పి, చెంగుతో ముఖం తుడుచుకుని, చోడిపిండి మూట మేట్రనుగారి బల్ల మీద పెట్టింది.

ఆ వారం ఎవరూ నాతో పెద్దగా మాట్లాడలేదు. రాజమండ్రి అమ్మాయి లలితాంబ మాత్రం వచ్చి, "ఏవండీ, శవాల గదిలో నాతో బల్ల పంచుకోడానికి ఎవరూ లేరు. మీరొస్తారా? మీకు నిద్ర తగ్గితే చెప్పేయండి, నాకైతే నిద్ర ఎక్కువే" అంది. మేమిద్దరం ఒక ఎడమ చెయ్యికి హక్కుదారులమయ్యాం.

*1928, జనవరి, ఫిబ్రవరి*

క్రిస్మసు అయ్యాక ఒక ఉదయం అక్షరాలకు మళ్లీ అర్థం పోయింది. ఈసారి నాకు తెలుసు. తెలిస్తే భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. పరీక్ష ఏప్రిల్లో. చెబితే వారాలు పోతాయి, చెప్పకపోతే నేను పోతాను. ప్రిన్సిపాలుగారి గది ముందు చాలాసేపు నిలబడి, లోపలికి వెళ్లి ఒకే వాక్యం చెప్పాను. ఆయన క్యాలెండరు చూశారు, వెళ్లమన్నారు.

ఈసారి కొండమీద ఎవరూ నా నుదురు తడమలేదు. రత్నమ్మగారి మందు, నిద్ర, దొయిమతి. నాన్న పొట్లాల పెట్టె అటక మీదకు ఎక్కించేశాడు, ఊళ్లో ఎవరైనా అడిగితే నిచ్చెన వేసుకుని దించుకునేవాడు. అమ్మ ఒక్కసారీ చదువును తిట్టలేదు. జబ్బు అంత లోతుకు పోలేదు, లేదా ఈసారి పట్టుకోవడానికి ఎక్కువమంది ఉన్నారు. ఐదు వారాలకు లేచాను.

తిరిగి వచ్చేసరికి క్లాసు చేతులు ముగించి కాళ్లలోకి వెళ్లిపోయింది. నాకు రాని ఆ భాగం పరీక్షలో తప్పక అడుగుతారు. చెయ్యి అయిపోయింది, చూడడానికి కూడా మిగిలి ఉండదు. చదువు అక్కడితో ముగిసిందనే అనుకుంటూ శవాల గదిలోకి వెళ్లాను.

మా బల్ల మీద ఎడమ చెయ్యి మోచేతి నుంచి వేళ్ల దాకా తడిగుడ్డలో చుట్టి ఉంది. లలితాంబ గుడ్డ విప్పింది. కత్తి తగలని చెయ్యి.

"మోచెయ్యి దాకా ఇద్దరం చేశాం కదండీ, అక్కడే ఆపేశాను. నేను అవతలి బల్ల వాళ్లది చూసి నేర్చుకున్నాను. ఇది మీ వాటా" అంది. "పొద్దునా సాయంత్రం గుడ్డ తడపడం ఎవరో ఒకరం చేశాం. మీకు జ్వరమైతే ఎప్పుడొస్తారో తెలిసేది కాదు గానీ, మీ అమ్మగారు వస్తాది, పోతాది అన్నారు కదా. పోతుందని ఉంచాం."

చుట్టూ చూశాను. హాల్లో ఆ రోజు కాఫీ తాగుతూ ఆగిపోయిన అమ్మాయిలు, అవతలి బల్లల మగపిల్లలు, అందరూ తమ పనిలో ఉన్నట్టు తలలు వంచుకున్నారు. ఆ గదిలో శవాలకు పట్టించే ఫార్మలిన్ ఘాటుకు అందరి కళ్లూ నీళ్లు కారుతూనే ఉంటాయి కాబట్టి నా కళ్లను ఎవరూ పట్టించుకోలేదు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, బొటనవేలి దగ్గర మొదలుపెట్టాను.